పిట్టగోడ లేని పట్టణము: వరదలలో నగర పేదలు, సమాజ బాధ్యత

ప్రకృతి వైపరీత్యములను గూర్చి మన సంఘములలో జరిగే బోధ సాధారణముగా రెండు దారులలో నడుస్తున్నది. ఇది దేవుని తీర్పు, అంత్యదినముల సూచన అని చెప్పి మారుమనస్సునకు పిలుచుట ఒక దారి. బాధితులకు బియ్యము, దుప్పట్లు, పాత బట్టలు పంచి, ఆదివారపు ప్రకటనలలో ఆ సంగతి చదివి ముగించుట రెండవ దారి. ఈ రెండు దారులలోను ఒక ప్రశ్న తప్పిపోతున్నది. ఒకే వాన ఒకే రాత్రి ఒకే పట్టణము మీద కురిసినప్పుడు, తెల్లవారేసరికి కొందరి ఇళ్ళలోనే బియ్యపు డబ్బా నీళ్ళమీద ఎందుకు తేలుతున్నది?

ఈ వ్యాసములో మనము ఆ ప్రశ్నను హైదరాబాదులోని ముషీరాబాదు ప్రాంతమును, అనగా దాని చుట్టుప్రక్కల ఉన్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ లను కూడా కలుపుకొని, పరిశీలిస్తాము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత తీరప్రాంతపు తుఫానులను గూర్చి తెలుగు సంఘములు ఎంతో ఆలోచించాయి, ఎంతో పనిచేశాయి. నగరపు వరదను గూర్చి అంత శ్రద్ధ మా కంటికి కనబడలేదు. ముషీరాబాదును ఎన్నుకొనుటకు వేరొక కారణము కూడా ఉన్నది. 1964లో రాజమండ్రిలో ఆరంభమై 1973లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజి ఈ చుట్టుప్రక్కలనే, దిగువ ట్యాంకుబండు రోడ్డులో ఉన్నది. కాబట్టి చెరువు కట్ట క్రింద నిలిచి వేదాంతము చెప్పుట అనునది తెలుగు సంఘములకు అలంకారపు మాట కాదు, చిరునామా.

నీరు వచ్చే దారి తెలిసినదే

వైపరీత్యము అనగానే ఎవరూ ఎరుగని చోటనుండి వచ్చి పడే ఆపద అని అనుకొంటాము. భూకంపము విషయములో ఆ మాట కొంతవరకు నిజము. ముషీరాబాదు వరద విషయములో నిజము కాదు. ఇక్కడ నీటికి దారి ఉన్నది, ఆ దారికి పేరు ఉన్నది, ప్రక్కన ఇంటి నంబర్లు ఉన్నాయి.

కుతుబ్ షాహీల కాలములో, 16వ శతాబ్దములో కట్టబడిన హుస్సేన్ సాగరులోనికి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నీటిని తెస్తాయి. దాని పూర్తి నీటిమట్టము 513.41 మీటర్లు. అంతకు మించిన నీరు మిగులు నాలాలోనికి దిగి, దోమల్‌గూడ, అరవింద్ నగర్, అశోక్ నగర్, గాంధీనగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. చెరువు నీరు మాత్రమే కాదు, దారి పొడుగునా ఉన్న కాలనీల వాన నీరు, మురుగు నీరు కూడా దానిలోనే పడతాయి. నగరపు వాన నీటి కాలువలు గంటకు సుమారు 2 సెంటీమీటర్ల వానను మాత్రమే మోయగలవని అధికారులే పలుమార్లు చెప్పినారు. అంతకు మించి కురిస్తే నీరు నాలా గట్టు దాటి వస్తుంది. అంతకంటె ముందుగా, నాలా నిండి లోపలికి తీసుకొనని నీరు మోరీలలోనుండి, మ్యాన్‌హోళ్ళలోనుండి ఇళ్ళలోనికి వెనుకకు తన్నుకొని వస్తుంది. ఈ రెండవ వరద మురికిది. టీవీలో పెద్దగా కనబడదు. పేదవాని ఇల్లు మొదట మునిగేది దీనితోనే.

నగరమునకు ఇది ఎన్నవసారి? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని, కొన్ని అంచనాల ప్రకారము 15,000 మందిని, పొట్టన పెట్టుకొన్నది. ఆ తరువాత నిజాం ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. నీటిని నగరములో కాదు, నగరమునకు ఎగువన ఆపాలి అన్నది ఆయన సలహా. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు అలా వచ్చాయి. ఒక సమాజము చనిపోయినవారిని పాతిపెట్టి ఊరుకొనక, ఇంకా పుట్టనివారి కొరకు కట్టడము కట్టినది. అయితే ఆ కట్టడము పెద్ద నది కొరకు కట్టినది. చిన్న నాలాలను గూర్చి అంత పట్టుదల తరువాత ఏ తరమూ చూపలేదు.

2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసి హుస్సేన్ సాగరు దిగువ కాలనీలు మునిగినప్పుడు నాలాల మీద అధ్యయనము జరిపించినారు. కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నివేదిక 2003లో అందినది. నాలాలను వెడల్పు చేయాలి, ఆక్రమణలు తొలగించాలి అని అది చెప్పినది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో 24 గంటలలో 19 సెంటీమీటర్లకు పైగా కురిసినప్పుడు అవే ప్రాంతములు మరల మునిగినాయి. నివేదికకు, ఈ వరదకు మధ్య 17 సంవత్సరములు గడిచినాయి. ఆ తరువాతనే నాలాల అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమము పెట్టి, హుస్సేన్ సాగరు మిగులు నాలాకు ఇరువైపులా గోడలు కట్టుటకు పూనుకొన్నారు. గోడ మంచిదే. కాని గోడకు లోపల కురిసిన వాన బయటకు పోవుటకు దారి ఉంచకపోతే, నాలా నీటిని ఆపిన గోడయే బస్తీ నీటిని కూడా ఆపుతుంది. 2025 సెప్టెంబరు 14 రాత్రి ముషీరాబాదు వినోబానగర్‌లో నాలా ప్రక్కనున్న గోడ కూలి ఒక యువకుడు నీటిలో కొట్టుకొనిపోయాడు.

వాన దేవుని చేతిలోనిది అని మనము నమ్ముతాము. నివేదిక మీద పట్టిన దుమ్ము మాత్రము దేవునిది కాదు.

ఇసుక మీద ఇల్లు ఎవరు కడతారు?

కొండమీది ప్రసంగము చివర ప్రభువు చెప్పిన ఇద్దరి ఇళ్ళ ఉపమానమును (మత్తయి 7:24-27) మనమందరము ప్రసంగించియున్నాము. బండ మీద కట్టినవాడు బుద్ధిమంతుడు, ఇసుక మీద కట్టినవాడు బుద్ధిహీనుడు. ఉపమానపు ఉద్దేశము వాక్యమును విని దాని ప్రకారము చేయుట. ఇళ్ళ స్థలముల ధర అక్కడ విషయము కాదు. అయినను వరద తరువాతి ఆదివారమున ఈ భాగమును తీసికొని, నాలా ప్రక్కన ఇల్లు మునిగిన కుటుంబము ముందు వరుసలో కూర్చొనియుండగా ప్రసంగించే బోధకుడు తాను ఏమి చెప్పుచున్నాడో ఒకసారి ఆలోచించాలి. ముషీరాబాదులో బండ ఎవరి పేరున రిజిస్టరు అయియున్నది? మిగిలినది ఇసుకయే అయినప్పుడు దానిమీద కట్టుకొనుట బుద్ధిహీనత కాదు, లేమి.

ఈ ప్రాంతపు బస్తీలలో ఎవరు ఉంటున్నారో చూడండి. అశోక్ నగర్, చిక్కడపల్లి అపార్టుమెంట్లలో అంట్లు తోమి, ఇల్లు తుడిచే స్త్రీలు. తెల్లవారకముందే రాంనగర్ చేపల మార్కెట్టుకు పోయేవారు. భోలక్‌పూర్‌లో పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరి వేరుచేసేవారు. ఆటో నడిపేవారు, తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవారు, అడ్డా మీద నిలబడే కూలీలు. వీరికి ఇల్లు పనికి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉండాలి. బస్సు చార్జీ పెట్టుకొని నాలుగిళ్ళలో పనిచేస్తే మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి పనికి దగ్గరగా, కిరాయి తక్కువగా ఉండే చోటు వెదుక్కొంటారు. అలాంటి చోటు నాలా ప్రక్కన దొరుకుతుంది, లేదా రోడ్డుకన్న పల్లముగా ఉన్న గదులలో దొరుకుతుంది. వీరి పనిమీద ఆధారపడిన కాలనీలే వీరి ఇళ్ళను ఆక్రమణలు అంటున్నాయి.

ఇంకొక గుంపును కూడా మరువరాదు. పోటీ పరీక్షల శిక్షణకు అశోక్ నగర్ వచ్చి, ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకొని చదువుకొనే పల్లెటూరి బిడ్డలు. వీరు పేదలని మనకు అనిపించదు, ఎందుకనగా చేతిలో పుస్తకము ఉన్నది. నీరు వచ్చిన రాత్రి వీరికి కూడా ఈ నగరములో చుట్టము లేడు, ఓటు లేదు, రేషను కార్డు లేదు.

నష్టము కూడా ఒక్కటి కాదు. నెల జీతము వచ్చే ఇంటికి వరద అంటే బురద కడుక్కొనుట, కారు మరమ్మతు, ఇన్సూరెన్సు కాగితములు. దినకూలి ఇంటికి వరద అంటే తడిసిన కుట్టు మిషను, పొయ్యి, నెలకు తెచ్చుకొన్న బియ్యము, పిల్లల సర్టిఫికెట్లు. వాటన్నిటికంటె ఎక్కువగా, పోయిన పది దినముల పని. ఆ పది దినములు గడుచుటకు తెచ్చిన అప్పు నీరు పోయిన తరువాత కూడా ఇంట్లోనే ఉంటుంది. మురుగు, మంచినీరు కలిస్తే ఏమగునో ఈ ప్రాంతమునకు వరద లేకుండానే తెలుసు. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీరు త్రాగి పలువురు చనిపోయారు.

సిలోయము గోపురము, పిట్టగోడ, కొలత

ఇక వాక్యమును చూద్దాము. లూకా 13:1-5లో ప్రభువు రెండు దుర్ఘటనలను ప్రస్తావించాడు. ఒకటి పిలాతు చేసిన హత్య. రెండవది సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోవుట. చనిపోయినవారు యెరూషలేములో ఉన్న ఇతరులకంటె ఎక్కువ అపరాధులా అని ఆయన అడిగి, కాదని తానే జవాబు చెప్పాడు. తరువాత వినేవారిని మారుమనస్సునకు పిలిచాడు. మనము ఈ భాగమును బోధించేటప్పుడు చివరి మాటను పట్టుకొని మొదటి మాటను విడిచిపెడుతున్నాము. మారుమనస్సు పొందవలసినది గోపురము క్రింద పడినవారు కాదు, ఒడ్డున నిలిచి వారిని గూర్చి మాట్లాడుకొంటున్నవారు. ఈ క్రమమును త్రిప్పివేసి, మునిగినవారి పాపములను లెక్కించే ప్రసంగము సువార్తకు ఎదురుగా నిలుస్తుందని మేము భావిస్తున్నాము.

అయితే ఒడ్డున ఉన్నవారు దేనిని గూర్చి మారుమనస్సు పొందాలి? ఇక్కడ ధర్మశాస్త్రములోని ఒక చిన్న ఆజ్ఞ మనకు సహాయము చేస్తున్నది. క్రొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పునకు పిట్టగోడ కట్టాలని, లేనియెడల దానిమీదనుండి ఎవడైనా పడితే రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వస్తుందని ద్వితీ. 22:8 చెబుతున్నది. ఇందులో మూడు సంగతులు గమనింపదగినవి. పడినవాడు ఎవడు, ఎందుకు ఎక్కాడు, మత్తులో ఉన్నాడా అని ఆజ్ఞ అడగదు. ఇంటి యజమానికి చెడు ఉద్దేశము ఉన్నదా అని కూడా అడగదు. ఇక మూడవది, మన విషయమునకు ముఖ్యమైనది: అపరాధము పడినప్పుడు పుట్టలేదు, గోడ కట్టకుండా ఇల్లు పూర్తయినదని అనుకొన్న దినముననే పుట్టినది. పడుట వలన అది బయటపడినది, అంతే. దయను గూర్చిన ఆజ్ఞలు ధర్మశాస్త్రములో చాలా ఉన్నాయి. పరిగె విడిచిపెట్టుట, అప్పు విడుదల చేయుట మొదలైనవి. పిట్టగోడ ఆ జాబితాలోనిది కాదు. అది దయ కాదు, బాధ్యత. కట్టినవానిని ఎవరూ పొగడరు, కట్టనివాడు దోషి.

పట్టణము కూడా ఒక ఇల్లే. మూత లేని మ్యాన్‌హోలు, కంచె లేని నాలా దానికి లేని పిట్టగోడలు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో, 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదు కళాసిగూడలో చిన్నపిల్లలు వానలో నాలాలలో పడి చనిపోయారు. ఇటువంటి ప్రతి మరణము తరువాత ఆ చోటు మా పరిధిలోనిది కాదు అనే మాట ఏదో ఒక శాఖనుండి వినబడుట మనకు అలవాటైపోయినది. ఆ మాటకు జవాబు ద్వితీ. 21:1-9లో ఉన్నది. పొలములో ఒక శవము కనబడి, చంపినవాడు ఎవడో తెలియనప్పుడు, పెద్దలు, న్యాయాధిపతులు వచ్చి శవమునుండి చుట్టునున్న ఊళ్ళకు దూరము కొలవాలి. ఏ ఊరు దగ్గరిదో ఆ ఊరి పెద్దలు వచ్చి దేవుని యెదుట నిలువాలి. నేరస్థుడు తెలియకపోతే సంగతి ముగిసిపోదు. కొలత మొదలవుతుంది.

నాలా ఒడ్డుననుండి మన చర్చి గుమ్మము వరకు కొలిస్తే ఎంత దూరము? ముషీరాబాదు, చిక్కడపల్లి, నారాయణగూడలలోని చాలా సంఘములకు ఆ లెక్క కిలోమీటర్లలో ఉండదు. ఈ కొలత ప్రభుత్వమును విడిచిపెట్టుటకు కాదు. పన్ను తీసికొన్నవాడు, అనుమతి ఇచ్చినవాడు ముందు నిలువాలి. అయితే నాలా మీద పిల్లర్లు వేసి అంతస్తులు లేపినవాడు, దానిని కొన్నవాడు, చెత్త సంచిని కారు అద్దములోనుండి నాలాలోనికి విసిరినవాడు, వీరిలో మన సభ్యులు కూడా ఉన్నారు. ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొని ఇతరులకు చోటు లేకుండా చేసేవారిని యెషయా (5:8) హెచ్చరించినప్పుడు నిరుపేదలతో మాట్లాడలేదు.

లెక్కలోనికి రానివారు

2020 వరద తరువాత అక్టోబరు 19న రాష్ట్ర ప్రభుత్వము నీట మునిగిన ప్రతి ఇంటికి 10,000 రూపాయలు, పూర్తిగా కూలిన ఇంటికి లక్ష రూపాయలు, కొంత దెబ్బతిన్న ఇంటికి 50,000 రూపాయలు ప్రకటించి, 550 కోట్లు విడుదల చేసినది. ఇది చిన్న సంగతి కాదు. కోవిడ్ కాలములో, పని లేని నెలలలో, ఆ 10,000 రూపాయలు అనేక ఇళ్ళలో పొయ్యి వెలిగించినాయి. ఆ మేలును మేలు అని చెప్పుట న్యాయము.

అయితే పంపిణీ ఎలా జరిగినది? మొదట బస్తీలకు వచ్చి నగదు పంచినారు. ఎవరికి అందినది, ఎవరికి అందలేదు అనే గొడవలు, చేతివాటపు ఆరోపణలు వచ్చినాయి. తరువాత మీసేవ కేంద్రములలో దరఖాస్తు పెట్టుకొమ్మన్నారు. నవంబరులో తెల్లవారుజామునుండి స్త్రీలు, ముసలివారు ఆ కేంద్రముల ముందు బారులు తీరినారు. నగరపాలక సంస్థ ఎన్నికలు దగ్గరపడుటతో నవంబరు 18న రాష్ట్ర ఎన్నికల సంఘము పంపిణీని నిలిపివేసినది. వరుసలో సగము దూరము వచ్చినవారు ఇంటికి తిరిగిపోయారు. కరువు సహాయమునకు, ఎన్నికల తేదీకి మధ్య పేదవాడు ఇరుక్కొనుట ఈ దేశములో క్రొత్త కాదు గాని, ఇంత స్పష్టముగా ఎప్పుడో గాని కనబడదు.

ఆ నెలలలో మేము చూచిన చిక్కు ఇది. ఇల్లు ఒకటి, పొయ్యిలు నాలుగు. ప్రభుత్వము ఇంటికి ఇస్తానన్నది, నీరు పొయ్యిలన్నిటిలోనికి వచ్చినది. కరెంటు బిల్లు ఓనరు పేరున ఉన్నది. కిరాయికి ఉన్నవారి ఆధార్ కార్డు మహబూబ్‌నగర్ లేక నల్లగొండ చిరునామా చూపుతుంది. మా సంఘమునకు వచ్చే ఒక విధవరాలు, నలుగురు కిరాయిదారులు ఉన్న ఇంటిలో ఒక గదిలో ఉంటుంది. ఆ ఇంటి నంబరు మీద సొమ్ము ఒకసారి ఇచ్చివేసినామని ఆమెతో చెప్పినారు. ఆ మాట చట్టప్రకారము నిజమే. ఆమె గదిలోని బురద కూడా నిజమే.

దేశపు చట్టము ఇంతకన్న విశాలమైనది. 2005 విపత్తు నిర్వహణ చట్టములోని 12వ సెక్షను సహాయ శిబిరములలో ఆశ్రయము, ఆహారము, త్రాగునీరు, వైద్యము, పారిశుధ్యములకు కనీస ప్రమాణములు నిర్ణయించాలని, విధవరాండ్రకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని, పోయిన జీవనోపాధిని తిరిగి నిలబెట్టుటకు సహాయము ఉండాలని చెబుతున్నది. విధవరాలిని, తండ్రిలేని బిడ్డను ప్రత్యేకముగా పేర్కొనుటను చూచి మన పాత నిబంధన విద్యార్థులు సంతోషించవచ్చును. 61వ సెక్షను సహాయములో లింగము, కులము, సమాజము, వంశము, మతము బట్టి భేదము చూపరాదని అంటున్నది. 2025లో ఈ చట్టమును సవరించి, రాజధాని నగరములకు, కార్పొరేషను ఉన్న నగరములకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలను ఏర్పరచుటకు వీలు కల్పించినారు. అట్టి సంస్థ మొదటి పని పంపులు కొనుట కాదు, వానకు ముందే కిరాయిదారులను లెక్కించుట అని మా అభిప్రాయము.

తొలగించుట రక్షించుట ఒక్కటేనా?

ఇక్కడ కష్టమైన ప్రశ్న ఒకటి ఉన్నది, దానిని దాటవేయరాదు. నాలా ప్రక్కనున్న ఇళ్ళను తొలగించనిదే నాలాకు వెడల్పు రాదు. వెడల్పు లేకపోతే అదే ప్రజలు మరల మునుగుతారు. పేదలు అక్కడనే ఉండాలని పట్టుబట్టుట వారిమీద ప్రేమ అనిపించుకోదు. అయితే మన నగరములలో ఆక్రమణల తొలగింపు ఎవరితో మొదలై ఎవరి దగ్గర ఆగిపోతుందో అందరము ఎరుగుదుము. రేకుల ఇల్లు ఒక ఉదయములో పోతుంది. కాంక్రీటు అంతస్తు కోర్టు స్టే తెచ్చుకొంటుంది.

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని చెప్పినది. ఈ మాటను మనవారు తరచుగా ఎత్తి చూపుతారు గాని, తీర్పు మిగతా భాగమును చదువరు. బొంబాయి పేవ్‌మెంటు నివాసులను తొలగించుటకు అదే తీర్పు అనుమతించినది. అయితే వానాకాలము గడిచేవరకు, అక్టోబరు 31 వరకు ఆగమన్నది. 1976 జనగణన కార్డులు ఉన్నవారికి ప్రత్యామ్నాయ స్థలము చూపమన్నది. హక్కు చివరకు ఒక కార్డు మీద, ఒక తేదీ మీద నిలిచినది. లెక్కలో ఉన్నవానికి స్థలము, లేనివానికి రోడ్డు.

హైదరాబాదులోనే 1990ల చివర మూసీ ఒడ్డు బస్తీలను నందనవనము పేరిట కర్మన్‌ఘాట్ వైపు తరలించినారు. 2024 సెప్టెంబరు, అక్టోబరులలో మూసీ గర్భములోని ఇళ్ళమీద ఎర్ర రంగు గుర్తులు వేసి, కొన్ని కుటుంబములను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకు పంపినారు. మలక్‌పేట పిల్లిగుడిసెలు వంటి దగ్గరి చోటు దొరికినవారి సంగతి వేరు, దూరము పడినవారి సంగతి వేరు. దూరము పోయిన స్త్రీ పనిచేసే ఇళ్ళు ఆమెతో కూడ రావు. పిల్లల బడి సంవత్సరము మధ్యలో మారదు. కాబట్టి తొలగింపు న్యాయమైనదా కాదా అనుటకు మేము చూచే గురుతు ఒక్కటే: ఆమె మరునాటి ఉదయము తన పనికి నడిచి వెళ్ళగలదా?

క్లౌ దొర కాలువ, అంతియొకయ చందా

సంఘము ఇందులో ఏమి చేయగలదు అనుటకు తెలుగు సంఘ చరిత్రయే జవాబిస్తున్నది. 1876-78 మహా కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గంజి కేంద్రములతో తృప్తిపడలేదు. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ త్రవ్విస్తున్నది. ఆ పనిలో మాదిగలను మేస్త్రీలు కొట్టి, కూలి ఎగగొట్టి, దూరముగా తరుముతున్నారు. క్లౌ సర్వేయరు పని నేర్చినవాడు. ఆయన సుమారు మూడున్నర మైళ్ళ కాలువ కాంట్రాక్టు తానే తీసికొని, తన బోధకులను పైతనిఖీదారులుగా పెట్టాడు. తక్కినవారు దానము చేస్తుండగా ఆయన కూలి లెక్క వ్రాసే బల్ల దగ్గర కూర్చొన్నాడు. పేదవానికి, ప్రభుత్వపు సొమ్ముకు మధ్య నిలిచిన బెత్తము దొంగిలించేది ఆ బల్ల దగ్గరనే అని ఆయనకు తెలుసు.

ఇంకొక సంగతి. కరువు సాగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఇవ్వలేదు. కూటి కొరకు వచ్చినారని ఎవరూ అనరాదని, వచ్చినవారే తరువాత తమ్మును తాము అనుమానించుకొనరాదని ఆపివేశాడు. కరువు సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. సంఖ్యను మనము ప్రతి జూబిలీలోను చెప్పుకొంటాము. ఆపివేసిన నెలలను కూడా చెప్పాలి. ముషీరాబాదు వంటి చోట, మసీదు, గుడి, చర్చి ఒకే వీధిలో మునిగే చోట, బియ్యపు సంచితో కరపత్రము పంచరాదని మేము అనుట పిరికితనము వలన కాదు, క్లౌ దొర సంప్రదాయము వలన. మెదకులో పాస్నెట్ దొర కూడా కరువు కాలములో కూలి ఇచ్చి పని కల్పించుటకే ఆ గొప్ప దేవాలయపు పని సాగించి, 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠించినారు.

వీరికంటె ముందు అంతియొకయ సంఘము ఉన్నది (అపొ. కా. 11:27-30). అగబు కరువు రాబోవుచున్నదని చెప్పగానే శిష్యులు ప్రతివాడు తన శక్తికొలది యూదయలోని సహోదరులకు పంపుటకు నిశ్చయించుకొని, బర్నబా, సౌలుల చేత పెద్దలకు పంపినారు. శవములు లేవక ముందు చందా ఎత్తినారు. మన సహాయ నిధులన్నీ వార్తాపత్రికలో ఫోటో వచ్చిన తరువాత మొదలవుతాయి. హైదరాబాదుకు అగబు ప్రతి జూన్‌లోను వస్తున్నాడు. అతని పేరు వాతావరణ శాఖ.

కాబట్టి ఈ ప్రాంతపు సంఘములు జూన్‌కు ముందే చేయదగిన పనులు ఉన్నాయి. ప్రతి సంఘము తన చుట్టునున్న ఒక బస్తీలోని పొయ్యిలను, ఇళ్ళను కాదు, మతభేదము లేకుండా లెక్కించవచ్చును. కిరాయిదారుల పేర్లు, మంచము పట్టినవారు, గర్భిణులు, ఒంటరిగా ఉన్న ముసలివారు, గదులలో ఉంటున్న విద్యార్థులు. ఆ పట్టికను బస్తీవారి సమ్మతితో వారి దగ్గరనే ఉంచి, ఒక ప్రతిని వార్డు కార్యాలయములో ఇచ్చి, రసీదు తీసికొనాలి. రసీదు లేని పట్టిక ప్రార్థన కాగితము వంటిదే. సర్టిఫికెట్లకు, ఆధార్ కార్డులకు ప్లాస్టిక్ సంచులు, వాటి ఫోటో ప్రతులు తీయించుట యువజనులకు ఒక ఆదివారపు పని. మన సభ్యులలో ఇంజనీర్లు, లాయర్లు, కార్పొరేషనులో ఉద్యోగులు ఉన్నారు. వారిని కానుకల కమిటీలో మాత్రమే కూర్చోబెట్టుట వ్యర్థము. 2003 నివేదిక వంటివి మరల దుమ్ము పట్టకుండా సమాచార హక్కు చట్టము క్రింద ప్రతి సంవత్సరము అడుగుట వారు చేయగల పరిచర్య.

ఇక మన ఆవరణలు. ఈ ప్రాంతములో మిషనరీల కాలమునాటి చర్చి ఆవరణలు, బడులు, హాళ్ళు చాలావరకు ఎత్తైన నేలమీద ఉన్నాయి. అనగా బండ మన పేరున ఉన్నది. వాన రాత్రి పదకొండు గంటలకు హాలు తాళపుచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి ఫోను నంబరు బస్తీలో ఎవరికి తెలుసు, స్త్రీలకు మరుగుదొడ్డి తెరిచి ఉంటుందా, త్రాగునీటి ట్యాంకు నిండి ఉన్నదా, ముస్లిం కుటుంబము వస్తే నమాజు చేసికొనుటకు ఒక మూల ఇస్తారా అను సంగతులను పాస్టరేటు కమిటీ మే నెలలో చర్చించి మినిట్సులో వ్రాసికొనాలి. కార్పెట్లు పాడవుతాయని అభ్యంతరము తప్పక వస్తుంది. మేము కూర్చొన్న కమిటీలలో అది ఎప్పుడూ మొదటి అభ్యంతరమే. కార్పెట్లను చుట్టి వేదిక మీదికి ఎక్కించుటకు నలుగురు మనుష్యులు, ఇరవై నిమిషములు చాలు. ఆ నలుగురి పేర్లు కూడా మినిట్సులో ఉండాలి.